మోటారు కారు బ్యాటరీ – దాని పోషణ

మోటారు కారు నడుపువారు పెట్రోలు ఎంత ఉన్నదో ప్రతిదినము చూచుకొందురు. చక్రములలో గాలి తగ్గినచో వెంటనే గుర్తింతురు. అద్దముపై దుమ్ము పడినచో తుడుతురు. కాని బానెట్టు క్రింద ఒక మూలను కదలక మెదలక కూర్చుండు నల్లని పెట్టెను తలచువారు అరుదు. అది శబ్దము చేయదు, పొగ విడువదు, ఆకలియని అడుగదు. ఒకనాడు తాళపుచెవి త్రిప్పగా ఇంజను కదలక, ‘టిక్కు టిక్కు’మను సన్నని చప్పుడు మాత్రము వినవచ్చును. అప్పుడు గాని అట్టి పెట్టె యొకటి కలదని యజమానికి జ్ఞప్తికి రాదు. అది పెండ్లి ముహూర్తమునకు బయలుదేరవలసిన వేళ కావచ్చును. నడిరేయి ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్పవలసిన వేళయును కావచ్చును.

ఆ పెట్టె పేరే బ్యాటరీ. అది అకస్మాత్తుగా చెడినట్లు కనబడును గాని, పెక్కుమారులు ఆ చెడుగు నెలల తరబడి లోలోపల సాగుచుండును. చేసిన పని వలన కంటె, పొందిన అనాదరణ వలననే దాని ఆయువు త్వరగా తరుగును. దాని స్వభావమును కొంచెము తెలిసికొన్నచో, దానిని కాపాడుకొనుట ఎవరికిని కష్టము కాదు.

తొలినాటి కార్లకు నేటి సౌకర్యము లేదు. ఇంజనును కదలించుటకు నడుపువాడు కారు ముందునకు వచ్చి, వంకరగా నున్న ఇనుపకడ్డీని దూర్చి బలముగా త్రిప్పవలసి వచ్చెడిది. ఒక్కొక్కప్పుడు ఇంజను వెనుకకు తన్నగా ఆ కడ్డీ దెబ్బకు మణికట్టు ఎముకలు విరిగెడివి. ఈ కష్టమును తీర్చినవాడు అమెరికా దేశస్థుడగు చార్లెస్ కెటరింగు. అతడు 1911లో విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనమును సిద్ధపరచెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది అమర్చబడెను. నేటి డ్రైవర్లు ‘సెల్ఫు’ అని పిలుచు పరికరము దాని సంతతియే.

ఆ పరికరమునకు బలమిచ్చునది బ్యాటరీ. బ్యాటరీ చరిత్ర కారు చరిత్రకంటెను పాతది. 1800లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడగు వోల్టా, రెండు వేరువేరు లోహముల బిళ్ళలను ఒకదానిపై నొకటి పేర్చి, వాని నడుమ ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలనుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును పుట్టించెను. కాని ఆ ఘటము ఒకసారి వ్యయమైనచో మరల నిండెడిది కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగులకుండ చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచి, వ్యయమైన శక్తిని మరల నింపుకొనగల సంచాయక ఘటమును నిర్మించెను. 1881లో ఆ దేశమువాడే యగు కామిల్ ఫోర్, సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూయు పద్ధతిచే దాని శక్తిని హెచ్చించెను. నూటయేబదియేండ్లు గడచినను కారు బ్యాటరీలలో పెక్కింటికి నేటికిని ఆ సీసమును, ఆ ఆమ్లమునే ఆధారము. విద్యుత్తుతో నడచు కొత్త కార్లలో సైతము దీపములకును, తాళములకును సామాన్యముగా వేరుగా ఒక 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉండును.

సామాన్యపు కారు బ్యాటరీలో 6 అరలుండును. ఒక్కొక్క అర ఒక్కొక్క ఘటము. ఒక్కొక్క ఘటము 2 వోల్టులకు కొంచెము మించి ఇచ్చును. ఆరును వరుసగా కూడి 12 వోల్టుల బ్యాటరీ యగును. ప్రతి అరలోను రెండు విధములగు పలకలు కలవు. ధన పలకలపై గోధుమవన్నె గల సీసపు డైఆక్సైడును, ఋణ పలకలపై బూడిదవన్నె గల, స్పంజివలె గుల్లగా నుండు సీసమును ఉండును. ఇవియన్నియు నీరు కలిపిన గంధకికామ్లములో మునిగియుండును. విద్యుత్తు వెలికి పోవునపుడు ఆమ్లములోని గంధకపు అంశము పలకలను చేరి, వానిపై సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థము ఏర్పడును, ఆమ్లము పలుచబడును. విద్యుత్తును మరల ఎక్కించినపుడు ఈ చర్య తలక్రిందుగా జరిగి, పలకలు పూర్వరూపమును పొందును, ఆమ్లము చిక్కబడును.

కాబట్టి బ్యాటరీని రైతు ఇంటి గాదెతో పోల్చవచ్చును. గాదె ధాన్యమును పండింపదు. పండిన దానిని దాచి, కావలసినపుడు ఇచ్చును. సెల్ఫు కొట్టిన రెండు మూడు సెకనులలో నూరు ఆంపియర్లకు మించిన ప్రవాహము బ్యాటరీనుండి దూకును. పిమ్మట ఇంజను తిరుగుచున్నంతసేపు, బెల్టుతో దానికి తగిలించిన ఆల్టర్నేటరు అను యంత్రము సుమారు 14 వోల్టుల విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపుచుండును. తీసినంత తిరిగి పోయుచున్నంతకాలము గాదె నిండుగనే యుండును. తీయుటయే గాని పోయుట లేనినాడు అడుగు కనబడును.

అడుగు కనబడుటకు ఎంతకాలము పట్టునో లెక్కవేసి చూడవచ్చును. చిన్న కార్లలో 35 ఆంపియరు-గంటల బ్యాటరీ ఉండుట సామాన్యము. ముందు దీపములు రెండును 55 వాట్లవైనచో, మొత్తము 110 వాట్లు. దానిని 12 వోల్టులచే భాగింపగా సుమారు 9 ఆంపియర్లు వచ్చును. 35ను 9చే భాగించినచో నాలుగు గంటలకు లోపుననే బ్యాటరీ ఖాళీ యగునని తేలును. సినిమా చూచుటకు పోవువాడు దీపములార్పుట మరచినచో, తిరిగి వచ్చునప్పటికి ఇంజను కదలకుండుట వింత కాదు. తలుపు సరిగా పడక కారులోపల వెలుగుచుండు 5 వాట్ల చిన్న దీపము సైతము మూడు దినములలో 30 ఆంపియరు-గంటలను తినివేయగలదు.

దీపములన్నియు ఆర్పినను, నిలిచియున్న కారు బ్యాటరీ కొంచెము కొంచెముగా తరుగుచునే యుండును. గడియారము, దొంగలను పట్టు అలారము మున్నగునవి నిత్యము కొంత విద్యుత్తును తీసికొనుచుండును. అవి లేకున్నను, రసాయన స్వభావముచేత బ్యాటరీ తనంతట తానే మెల్లగా తగ్గుచుండును. “కూర్చుండి తిన్నచో కొండలైనను కరగును” అను సామెత బ్యాటరీ విషయమున అక్షరాల నిజము. 2020 మార్చి 25 నుండి కరోనా వ్యాధి కారణమున దేశమంతట లాక్‌డౌను విధింపబడగా, కార్లు వారముల తరబడి ఇండ్లముందు నిలిచిపోయినవి. సడలింపు కలిగిన పిమ్మట తాళపుచెవి త్రిప్పి నిరాశ చెందిన యజమానులు ఎందరో కలరు. ఆ కార్లు ఏ తప్పును చేయలేదు. ఊరక నిలిచియుండుటయే వాని బ్యాటరీలకు హాని యయ్యెను.

ఈ హాని తాత్కాలికము మాత్రమే కాదు. ఖాళీయైన బ్యాటరీని అట్లే వదలినచో, పలకలపై మెత్తగా నున్న సల్ఫేటు నానాటికి గట్టిపడి పెద్ద పలుకులుగా మారును. అట్లు గట్టిపడిన సల్ఫేటు ఎంత విద్యుత్తు నెక్కించినను పూర్తిగా కరగదు. పలకలో అంతమేర పనికిరానిదగును. కావున ఖాళీయైన బ్యాటరీకి ఆలస్యము చేయక చార్జింగు పెట్టించవలెను. కారును వారమునకు ఒకసారియైనను అరగంటకు తక్కువ కాకుండ రహదారిపై నడుపుట మంచిది. ఇంటిముందు నిలిపి ఐదు నిమిషములు ఇంజను ఆడించుటవలన ఫలము స్వల్పము; సెల్ఫు తీసికొన్నదియు, నిలిచినన్నాళ్ళు తరిగినదియు అంతలో తిరిగి రాదు. నెలల తరబడి ఊరు విడిచి పోవువారు, కారుతో వచ్చిన పుస్తకములోని సూచనలు చూచి, ఋణ ధ్రువపు తీగను విప్పి పోవుట మేలు.

బ్యాటరీకి మరియొక శత్రువు ఎండ. చలి బ్యాటరీ చర్యను మందగింపజేయును. లంబసింగి వంటి మన్యప్రదేశములలో, చలి సున్న డిగ్రీలకు చేరువగు తెల్లవారుజాముల, సెల్ఫు బరువుగా తిరుగును. కాని ఆ ఇబ్బంది వెచ్చబడగానే తీరును. ఎండ చేయు కీడు తీరునది కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో రసాయన చర్యల వేగము సుమారు రెట్టింపగునని సామాన్య నియమము. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుట కలదు. ఇంజను ప్రక్కన వేడి అంతకంటెను హెచ్చు. ఆ వేడికి బ్యాటరీలోని నీరు తరుగును. పలకలకు ఆధారమగు సీసపు చట్రములు లోపలనే తినబడును. అందుచేత బ్యాటరీ మూడేండ్లు దాటిన పిమ్మట, ప్రతి వేసవికి ముందును మెకానిక్కుచే పరీక్షింపజేయుట వివేకము. కారును చెట్టునీడను గాని పందిరి క్రింద గాని నిలుపుటయు బ్యాటరీకి చేయు ఉపచారమే.

మూతలు గల బ్యాటరీలో నీటి మట్టమును నెలకొకసారి చూడవలెను. వేసవిలో ఇంకను తరచుగా చూడవలెను. పెట్టె ప్రక్కను పైగీత, క్రిందిగీత గుర్తింపబడియుండును. పలకలు నీటిపైకి తేలినచో, గాలి తగిలిన భాగము చెడిపోవును. తరిగినపుడు స్వేదన జలమును, అనగా అంగడిలో డిస్టిల్డు వాటరు అని అమ్ము నీటిని మాత్రమే పోయవలెను. కుళాయినీటిలోను, బావినీటిలోను కరగియున్న లవణములు పలకలకు కీడు చేయును. ఆమ్లమును పోయుట యెంతమాత్రము తగదు; ఆవిరియై పోవునది నీరే గాని ఆమ్లము కాదు. నీరు పైగీతను దాటరాదు. దాటినచో చార్జింగు సమయమున ఆమ్లము పొంగి చుట్టునున్న ఇనుమును తినివేయును. మూతలు లేక మూయబడి వచ్చు బ్యాటరీలకు నీరు పోయు పని లేదు. వానిని తెరువ ప్రయత్నింపరాదు. కొన్నింటిపై చిన్న గాజుకన్ను ఉండును. దాని రంగునకు అర్థమేమో ప్రక్కనున్న చీటిలో చదివి తెలిసికొనవలెను.

బ్యాటరీ పైనున్న రెండు ధ్రువములను మెకానిక్కులు టెర్మినళ్ళందురు. వానిపై ఒక్కొక్కప్పుడు తెల్లనిది గాని నీలివన్నెది గాని చిలుము పట్టును. ఆ చిలుము విద్యుత్తు దారికి అడ్డమగును. బ్యాటరీ నిండుగా నున్నను సెల్ఫు తిరుగకుండుటకు ఇదియును ఒక కారణము. క్రొత్త బ్యాటరీ కొనుటకు పరుగిడుటకు ముందు టెర్మినళ్ళను చూచుకొన్నచో వేల రూపాయల వ్యయము తప్పవచ్చును. వెచ్చని నీటిలో వంటసోడా కలిపి, పాత పండ్ల బ్రష్షుతో తోమినచో చిలుము వదలును. ఆ నీరు అరలలోనికి పోకుండ మూతలు బిగించి యుంచవలెను. తోమిన పిదప మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తీగలను గట్టిగా బిగించి, పైన కొంచెము పెట్రోలియం జెల్లీ పూయవలెను.

తీగలు విప్పుటలో ఒక వరుస కలదు. ముందుగా ఋణ ధ్రువపు తీగను విప్పవలెను. బిగించునపుడు దానిని చివరకు బిగింపవలెను. కారు ఇనుపశరీరమంతయు ఋణ ధ్రువముతో కలిసియుండును. ధన ధ్రువమును ముందుగా విప్పుచుండగా స్పానరు పొరపాటున కారు ఇనుమునకు తగిలినచో, మెరుపువంటి నిప్పురవ్వ లేచును. స్పానరు కాలి ఎర్రబడుటయు కలదు. చేతికి ఉంగరముగాని, లోహపు గడియారముగాని ఉన్నచో తీసివేసి పనికి పూనుకొనవలెను. పని ముగిసిన తరువాత బ్యాటరీ తన పట్టీలో కదలక కూర్చున్నదో లేదో చూడవలెను. గుంటల దారిలో పడు కుదుపులకు పలకలపై పూత రాలిపోవును.

బ్యాటరీ నిండుగా నున్నదో లేదో తెలిసికొనుటకు రెండు సాధనములు కలవు. మొదటిది వోల్టుమీటరు. కారు కొన్ని గంటలు నిలిచియున్న పిమ్మట కొలిచినపుడు 12.6 వోల్టుల ప్రాంతమున చూపినచో బ్యాటరీ నిండుగా నున్నదని అర్థము. 12 వోల్టులకు దిగినచో దాదాపు ఖాళీ యని అర్థము. రెండవది హైడ్రోమీటరు. ఇది ఆమ్లపు విశిష్ట గురుత్వమును కొలుచును. నిండిన బ్యాటరీలో అది సుమారు 1.26 నుండి 1.28 వరకు ఉండును, ఖాళీయైనచో 1.12 ప్రాంతమునకు దిగును. అయిదు అరలు సమముగా నుండి ఒక్క అర మాత్రము మిక్కిలి తక్కువ చూపినచో, ఆ అర చెడినదని గ్రహింపవలెను. సాధనములు లేనివారికిని బ్యాటరీ ముందుగా హెచ్చరికలు చేయును. సెల్ఫు నీరసముగా తిరుగుట, సెల్ఫు కొట్టునపుడు దీపములు మిక్కిలి మసకబారుట, పెట్టె ఉబ్బుట – ఇవి రోగలక్షణములు. కారు నడచుచుండగా ఎదుటి పలకపై ఎర్రని బ్యాటరీ గుర్తు వెలిగినచో, గాదెకు ధాన్యము చేరుటలేదని తెలియవలెను. తప్పు సామాన్యముగా ఆల్టర్నేటరునందో, బెల్టునందో ఉండును.

దారిలో బ్యాటరీ డౌను అయినచో మరియొక కారు బ్యాటరీ సాయమున ఇంజనును కదలింపవచ్చును. దానికి రెండు దళసరి తీగలు కావలెను. ముందుగా ఎర్రతీగను ఖాళీ బ్యాటరీ ధన ధ్రువమునకును, తరువాత దాని రెండవ కొనను మంచి బ్యాటరీ ధన ధ్రువమునకును తగిలింపవలెను. నల్లతీగను మంచి బ్యాటరీ ఋణ ధ్రువమునకు తగిలించి, దాని చివరికొనను ఖాళీ బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఆ కారు ఇంజను ఇనుమునకు తగిలింపవలెను. చివరి కొన తగులునపుడు నిప్పురవ్వ లేచును. అది బ్యాటరీ దాపున లేవరాదు.

ఏలయన, బ్యాటరీకి విద్యుత్తు ఎక్కుచుండునపుడు ఉదజని, ఆమ్లజని అను వాయువులు వెలువడును. ఆ రెండిటి మిశ్రమము ఒక్క రవ్వకే పేలును. నీటి మట్టము చూచుటకు చీకటిలో అగ్గిపుల్ల గీయుట, బీడీ కాల్చుచు బ్యాటరీపై వంగుట ప్రాణాపాయకరములు. చార్జింగు పెట్టు గదికి గాలి వెలుతురు ఉండవలెను. ఆమ్లము మేనిపై పడినచో వెంటనే నీటితో బాగుగా కడుగవలెను. కంట పడినచో కనీసము పదునైదు నిమిషములు ధారగా నీరు పోసి కడిగి, తక్షణమే వైద్యునివద్దకు పోవలెను. ఆ సమయమున కన్ను నలుపరాదు.

ఎంత శ్రద్ధ చేసినను ప్రతి బ్యాటరీకిని ఒకనాడు అంతము తప్పదు. కాని పాడైన బ్యాటరీతో బాధ్యత తీరిపోదు. అందులోని సీసము విషము. అది పిల్లల మెదడు పెరుగుదలకు హాని చేయును. ఆఫ్రికా ఖండమున సెనెగల్ రాజధాని డాకర్ నగరశివారగు థియారాయ్‌లో, పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము తీయుటవలన నేల విషపూరితమై, 2007 నవంబరునకును 2008 మార్చికిని నడుమ 18 మంది పసిబిడ్డలు మరణించిరి. పాత బ్యాటరీని ఇంటివద్ద పగులగొట్టుటగాని, ఆమ్లమును కాలువలో పారబోయుటగాని, కొన్ని రూపాయలకాశపడి అనుమతిలేని పాతసామానులవానికి వేయుటగాని ఇందుచేతనే తగదు. క్రొత్తది కొనునపుడు పాతదానిని అంగడిలోనే ఇచ్చివేయవలెను. దాని వెల కొంత తగ్గింతురు. పాత బ్యాటరీలను చేర్చి శుద్ధిచేయించు బాధ్యతను మన దేశమున 2022 నాటి నియమములు బ్యాటరీల ఉత్పత్తిదారులపై నుంచినవి. జాగ్రత్తగా కరగించిన సీసము మరల క్రొత్త బ్యాటరీలో పలకగా మారును.

ఈ పనులన్నింటికిని కావలసిన కాలము నెలకు పావుగంట. కావలసిన వస్తువులు గుడ్డపేలిక, వంటసోడా, స్వేదన జలము. ఎద్దును పూన్చువాడు దానికి కుడితి పెట్టక పని చేయించుకొనడు. బండి ఇరుసుకు కందెన వేయక దూరప్రయాణము చేయడు. నోరులేని బ్యాటరీకిని ఆ పాటి ఆదరము చెల్లింపవలెను. నడిరేయి ఆసుపత్రికి పోవలసివచ్చిననాడు, తాళపుచెవి త్రిప్పినంతనే ఇంజను పలుకుట అదృష్టము వలన జరుగదు. అంతకుముందటి ఆదివారమున ఎవరో బానెట్టు నెత్తి చూచుటవలన జరుగును.